నిలబడి దార్ ఎస్ సలాం దాకా

కారంపూడి నుంచి నరసరావుపేట బస్సులో సీటు ఖాళీగా ఉన్నా ఖలందర్ కూర్చోడు. కడ్డీ పట్టుకుని నిలబడతాడు. నడుముకు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఎక్కువసేపు కూర్చుంటే ఎడమ కాలు మొద్దుబారుతుంది. నిలబడితే ఏమీ కాదు. బోరుబండ్ల కంప్రెసర్లు బాగుచేసే పని, అదంతా నిలబడి చేసేదే.

అలాంటి మనిషికి టాంజానియా నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ దార్ ఎస్ సలాంలో బోర్లు వేస్తున్న గోపీచంద్ బండి ఆగిపోయింది. పాత లారీ మీద కంప్రెసర్ బిగించి ఆ బండిని తయారుచేసింది ఖలందరే.

"నువ్వొచ్చి చూస్తే సరే మేస్త్రీ. లేకపోతే పాత ఇనుం కింద అమ్మేస్తా," అన్నాడు గోపీచంద్.

"నా బండిని తూకానికేస్తాడంట! పోతున్నా," అన్నాడు ఖలందర్.

బావమరిది జబ్బార్ ఫోన్లో వెతికాడు. "హైదరాబాద్ నుంచి దార్ ఎస్ సలాం ఐదు వేల కిలోమీటర్లు, దూలాభాయ్. తిన్నగా పోతే ఏడు గంటలు."

"తిన్నగా పోదా ఏంది?"

"పోదు. దుబాయ్‌లో దిగి ఇంకోటి ఎక్కాల. తెల్లారి నాలుగింటికి ఎక్కితే మజ్జానం మూడున్నరకు దిగుతావు. పదకొండున్నర గంటలే."

భార్య యాస్మిన్ సణుగుతూనే ఒప్పుకుంది. టికెట్ కొన్నాక ఆ లెక్క ఫోన్లో విని గోపీచంద్ నవ్వాడు. ఆ మూడున్నర అక్కడి గడియారంలో. అప్పటికి మనకు సాయంత్రం ఆరు. మొత్తం పద్నాలుగు గంటలు.

యాస్మిన్ జబ్బార్ మీద విరుచుకుపడింది. "బస్సు టైం చూసినట్టు చూశావేంట్రా! టికెట్ రద్దు చెయ్యి. ఆయన కాలు పడిపోతే నువ్వు మోస్తావా?"

"ఏమే, సీటు ఇస్తే కూచోవాల్నని రూలుందా? నుంచోని పోతా."

"ఆర్టీసీ బస్సనుకున్నావా?" అన్నాడు జబ్బార్.

"రెక్కలున్న బస్సేగా."

విమానం పైకి లేచేదాకా బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. బెల్టు లైటు ఆరగానే లేచి వెనక తెర దగ్గర నిలబడ్డాడు. ఎయిర్ హోస్టెస్ వచ్చి సీటు చూపించింది.

"కూచుంటే కాలు చచ్చుద్ది బేటీ. బెల్టు పెట్టుకోమన్నప్పుడు కూచుంటా," అని ఉర్దూలో చెప్పాడు. ఆమె మళ్లీ చెప్పింది. అతను మళ్లీ అదే చెప్పాడు. చివరికి ఆమే విసుగొచ్చి పోయింది. రెండో విమానంలోనూ అంతే. తిండి బండి వచ్చినప్పుడు పక్కకు జరిగాడు, పోగానే మళ్లీ తన చోటుకు వచ్చాడు.

దార్ ఎస్ సలాంలో గోపీచంద్ చక్రాల కుర్చీ పట్టుకుని ఎదురొచ్చాడు. "యాస్మినక్క ఫోన్ చేసింది. కూచో మేస్త్రీ."

ఖలందర్ పానాల సంచీని కుర్చీలో పెట్టి, తనే తోసుకుంటూ బయటికి నడిచాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు.

"మరి రేపు పాత ఇనుం వాడు బండి చూడ్డానికొస్తానన్నాడు," అన్నాడు గోపీచంద్ వెనకనుంచి.

"రావద్దని చెప్పు."