పన్నెండు మంది మగపిల్లల్ని అప్పగించడానికి ట్రాయ్ వెళ్ళొచ్చాను

మూడు నెలలు మా ఇంటిని చూసుకునేవాళ్ళు కావాలి. ఈ వేసవిలో నేను చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉన్న చెల్లి ఇంటి నుంచి మిషిగన్‌లోని ట్రాయ్‌కి రైలెక్కడానికి కారణం అదొక్కటే. మా ఇల్లంటే జాంబియాలో ఒక చిన్న పట్టణంలో మేం నడుపుతున్న మగపిల్లల హోమ్. టీచర్ ఉద్యోగాలకని వెళ్ళిన నేనూ మా ఆయనా రిటైరయ్యాక అక్కడే ఉండిపోయి, చర్చివాళ్ళు ఇచ్చిన పాత బంగళాలో నా అన్నవాళ్ళు లేని పన్నెండు మందిని పెంచుతున్నాం. ఇప్పుడు మా ఆయనకి మోకాళ్ళు రెండూ మార్చాలి. మేం హైదరాబాద్ వెళ్ళి వచ్చేదాకా బాధ్యత గల పెద్దవాళ్ళు ఇంట్లో లేకపోతే పిల్లల్ని తలో చోటికీ పంపేస్తామని అక్కడి సంక్షేమ అధికారి తేల్చి చెప్పేశారు. చర్చి ద్వారా మాకు పరిచయమై ట్రాయ్‌లో ఉండే సుధాకర్ గారు కార్ల ఇంజనీరుగా, ఆయన భార్య గ్రేస్ గారు నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ మూడు నెలలూ వచ్చి ఉంటామని మొదట అన్నారు. తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "ప్రార్థన చేస్తున్నామండీ" అనడం మొదలుపెట్టారు. మనవాళ్ళు మర్యాదగా కాదనడానికి ఆ మాట ఎంత బాగా పనికొస్తుందో నాకు తెలుసు. చెల్లెలి కూతురి పెళ్ళికి ఎలాగూ అమెరికా వచ్చాను కాబట్టి, ఎదురుగా కూర్చుని అడిగేద్దామని బయల్దేరాను.

నేపర్‌విల్ నుంచి చికాగో యూనియన్ స్టేషన్‌కి లోకల్ రైలు గంటలోపే చేరుస్తుంది, టికెట్ ఆరేడు డాలర్లు. మధ్యాహ్నం అక్కడే డెట్రాయిట్ వైపు వెళ్ళే రైలెక్కితే, ఆరు గంటల పైచిలుకు ప్రయాణం తర్వాత ట్రాయ్‌లో కొత్తగా కట్టిన స్టేషన్‌లో దిగొచ్చు. ముందే బుక్ చేసుకుంటే యాభై డాలర్ల లోపే అయిపోతుంది. కారులో అయితే ఇంకా తొందరగా వెళ్ళొచ్చుగానీ, డ్రైవింగ్ రాని నాలాంటివాళ్ళకి రైలే హాయి. స్టేషన్‌కి నన్ను దింపుతూ చెల్లి సునీత దారిపొడుగునా ఒకటే పోరు.

"అక్కా, ఒక పిల్లాడి కథ చెప్పు. బాగా కష్టాలు పడ్డవాడిది. మా చర్చిలో నువ్వు చెప్పలేదని అందరూ ఫీలయ్యారు."

"చెప్పనే. మా ఇంట్లో రూల్ ఉంది."

"ఇక్కడ చెబితే ఆ పిల్లలకి ఎలా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిగా."

కొత్త పిల్లాడు వచ్చిన మొదటి రోజే ఆ మాట వాడికి చెప్పేస్తాం. ఇంతకుముందు ఏం జరిగిందో నువ్వు చెప్పాలనుకుంటే చెప్పు, ఎవరూ అడగరు, మేం ఎవరికీ చెప్పం అని. సునీత దగ్గర అంత బడాయిగా అన్నానేగానీ, రైలు కదిలాక నా మనసు మనసులో లేదు. వాళ్ళు కాదంటే నా పిల్లలేమైపోతారు? ఒకడి కథ ఉంది, పేరు చెప్పను, వింటే రాయి కూడా కరుగుతుంది. ఇండియానా మొక్కజొన్న చేలు చూస్తూ ఆ కథ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో నాలో నేనే అనుకోవడం మొదలుపెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా మానలేదు.

పక్క సీటులో కలమజూ వెళ్తున్న ఒక పెద్దావిడ నన్ను మాటల్లోకి దింపారు. పిల్లలెంతమందని అడిగితే, పన్నెండు మంది, అందరూ మగపిల్లలేనన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను పరీక్షగా చూసి, "మరి సాక్సులు ఎలా?" అన్నారు.

"అన్నీ బూడిద రంగువే కొంటాను. ఉతికి ఒకటే బుట్టలో పోస్తాను. ఎవడికి ఏ రెండు దొరికితే అవి తొడుక్కుంటాడు."

"నాకు నలుగురు కొడుకులు. నలుగురికీ నాలుగు రంగులు కొన్నాను, తెలివితక్కువదాన్ని," అన్నారావిడ. కలమజూ వచ్చేదాకా ఇద్దరం మగపిల్లల చొక్కాల గురించీ, తిండి గురించీ చెప్పుకుని నవ్వుకుంటూనే ఉన్నాం.

మిషిగన్‌లో గడియారం గంట ముందుంటుంది. నేను చికాగో టైమే చెప్పడంతో పాపం సుధాకర్ గారు స్టేషన్‌లో గంటసేపు నిలబడ్డారు. "వందనాలండీ, ఇది అందరూ చేసే పొరపాటే," అన్నారు. ఇంట్లో గ్రేస్ గారు చేపల పులుసు చేశారు. భోజనం సగంలో ఆయనే విషయానికొచ్చారు.

"మేం వెనకాడుతున్నామని మీకు తెలుసు కదండీ. ఆ పిల్లలు ఎన్ని బాధలు పడి ఉంటారో. మేం కౌన్సెలర్లం కాదు. వాళ్ళకేం జరిగిందో కాస్త చెబితే, మేం ప్రిపేర్ అవ్వగలమో లేదో ఆలోచించుకుంటాం."

కథ నాలుక చివరిదాకా వచ్చింది. గ్లాసుడు నీళ్ళు గటగటా తాగేశాను.

"అది మాత్రం చెప్పనండి. పొద్దున లేస్తే మీరేం చెయ్యాలో చెబుతాను," అన్నాను.

చెప్పాను. తెల్లారకముందే తలుపులు బాదుకుంటూ వెళ్ళి లేపాలి. ప్రార్థనలో వాక్యం చదివే వంతు వచ్చినవాడు అన్నిటికన్నా పొట్టి వాక్యమే వెతుక్కుంటాడు. వేరుశనగ పొడి కలిపిన జావ తాగించి బడికి తోలాలి. సాయంత్రం తోటకి నీళ్ళు పెట్టించాలి. ఫుట్‌బాల్ ఆడి చొక్కా బొత్తాలు తెంపుకొస్తారు, కుట్టాలి. రాత్రికి షీమా, అంటే తెల్ల మొక్కజొన్న పిండితో చేసే సంకటి, ఆకుకూరతో పెట్టాలి. నేను పెట్టిన ఆవకాయ కోసం కొట్టుకుంటారు. పడుకునేముందు ఒక్కొక్కడూ ఒకదానికి దేవునికి థాంక్స్ చెప్పాలి, సగం మంది తాము కొట్టిన గోల్‌కే చెబుతారు. సాక్సుల బుట్ట సంగతి కూడా చెప్పాను.

గ్రేస్ గారు కంచంలో చెయ్యి పెట్టి అలాగే వింటున్నారు. "రాత్రి ఎవరైనా ఏడిస్తే?" అన్నారు.

"లేచి మంచినీళ్ళిస్తాను. మంచం పక్కన కూర్చుంటాను. వాడికి నిద్ర పట్టాక వెళ్ళి పడుకుంటాను."

"ఏం మాట్లాడతారు?"

"ఏమీ మాట్లాడను."

"ఇంతేనా?"

"ఇంతే."

ఆవిడ భర్త వైపు తిరిగారు. "ఇది నేను ముప్ఫై ఏళ్ళు నైట్ డ్యూటీల్లో చేశానండీ," అన్నారు. సుధాకర్ గారు, "షూస్ కూడా ఒకే బుట్టా?" అని అడిగారు. కాదన్నాను. "అయితే షూస్‌కి నేనొక ర్యాక్ చేస్తాను. టికెట్లు ఎప్పటికి బుక్ చెయ్యమంటారు?" అన్నారు. నాకు ఒళ్ళంతా తేలికైపోయి కన్నీళ్ళు ఆగలేదు. గ్రేస్ గారు ఏమీ మాట్లాడకుండా మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టారు.

మర్నాడు శనివారం. పొద్దున ఫోన్ చేసేసరికి అక్కడ మధ్యాహ్నం, పిల్లలంతా ఇంట్లోనే ఉన్నారు. "వస్తున్నారు," అన్నాను. మా ఆయన, "అమ్మయ్య," అని ఫోన్ పక్కనున్నవాడికి ఇచ్చేశారు. రైల్లో నేను ఎవడి కథ చెబుదామనుకున్నానో, వాడే.

"వాళ్ళకి నా గురించి ఏం చెప్పావు?" అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా.

"పొట్టి వాక్యం వెతుక్కుంటావని చెప్పాను."

వాడు పగలబడి నవ్వాడు.

తిరుగు రైల్లో హాయిగా నిద్రపోయాను, చాలా నెలల తర్వాత. నేను చర్చిలో చెప్పేలాంటి ఏదో పెద్ద సాక్ష్యం చెబితే తప్ప ఎవరూ కదలరనుకున్నాను. వాళ్ళేమో తమ చేతనయ్యే పని ఉందో లేదో తెలియక బెంగపడుతున్నారు. ఆ నవ్వు విన్నాక, ఆ కథ నోరు జారి ఉంటే వాడికి ఏ మొహంతో జవాబు చెప్పేదాన్నో అని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఇలాంటి హోమ్‌కి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా: ఏ పిల్లాడినీ ఎలా వచ్చావని అడక్కండి, వెళ్ళేటప్పుడు తెల్ల చొక్కా బొత్తాలు పట్టుకెళ్ళండి. ఎన్ని తెచ్చినా చాలవు.