తొమ్మిదిలోంచి ఐదు, అందులోంచి రెండు

ఆరేళ్ళుగా ఒక తీసివేత గుర్తును మోస్తున్నాను. నవ్వకండి. హత్యలు, మోసాలు దాచుకున్నవాళ్ళు ఉంటారు. నా వంతుకు వచ్చింది ఇంత చిన్న గీత. ఎవరికైనా చెబుదామంటే ముందు పాఠం చెప్పాలి, పాఠం అయ్యేసరికి ఎదుటివాళ్ళకు నిద్ర వస్తుంది. అందుకే చెప్పలేదని ఇన్నాళ్ళూ నన్ను నేను నమ్మించుకున్నాను. అది అబద్ధం. భయపడ్డాను.

మీకైతే చెబుతాను. పాఠం తొందరగా ముగిస్తాను.

తిరువళ్లూరు దాటాక ఉన్న ఒక కాలేజీలో చదివాను. రోజూ తిరుత్తణి నుంచి రైలు. క్లాసులో నా పని నవ్వించడం. చదువు అదనపు బాధ్యత. రెండో ఏడు ఏకాంబరం అన్న మాతో వచ్చి చేరాడు. మా వీధివాడే, మాకంటే పెద్దవాడు. పాలిటెక్నిక్ చదివి, కాట్టుపల్లి రేవులో కాంట్రాక్టు పని చేసి, ఎప్పుడు రావద్దంటారో తెలియని ఆ బతుకు చాలనుకుని నేరుగా రెండో ఏట చేరాడు. మేము మొదటి ఏట చదివిన పాఠాలు అతనికి లేవు. తెలియనిదాన్ని తెలియదని చెప్పి అడిగేవాడు. ఆ ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.

ఒకరోజు మేడం నన్ను బోర్డు దగ్గరికి పిలిచింది. జవాబు రానప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశాను, జోకు వేశాను. వెనక బెంచీ నుంచి అన్న నెమ్మదిగా, "జోకు బాగుండాది తమ్ముడూ, జవాబు యాడ?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను వేసిన ఏ జోకుకూ అంతగా నవ్వలేదు.

ఇంతే కారణం. ఇంకా పెద్దది ఏదైనా ఉందేమోనని చాలా వెతికాను. దొరకలేదు.

కంప్యూటరు ల్యాబు పరీక్ష దగ్గరపడింది. రైల్లో అన్న నా పక్కన కూర్చుని ప్రోగ్రాముల్లో వాడే స్టాకు గురించి అడిగాడు. మనం రాసే లెక్కలో గుర్తు అంకెల మధ్య ఉంటుంది. యంత్రానికి సులువు కావాలంటే దాన్ని అంకెల తర్వాతకు మార్చాలి. అంకె కనిపిస్తే నేరుగా రాసేయడమే. గుర్తులను మాత్రం స్టాకులో ఒకదానిమీద ఒకటి ఆపాలి. చివర ఎక్కిందే ముందు దిగుతుంది. తిరువళ్లూరులో ఆఫీసు జనం ఎక్కాక మా పెట్టెలోనూ అదే న్యాయం. హోదా ఎక్కువున్న గుణకారం వస్తే కూడిక మీద ఎక్కి కూర్చోవచ్చు. తక్కువది వస్తే, పైనున్న పెద్దది ముందు దిగిపోవాలి.

"సరి, అది తెలిసింది," అన్నాడు అన్న. "ఒకే హోదావి రెండు వస్తే? ముందుండేదాన్ని దించేదా, దాని నెత్తినే ఎక్కించేదా?"

దించాలి. నాకు తెలుసు.

"ఎక్కించెయ్యన్నా," అన్నాను.

"ఎగతాళి చేస్తాండావా ఏమి?"

"నీతో ఎగతాళా? నాకింకా ప్రాణం మీద ఆశ ఉండాదన్నా."

నవ్వాడు. నమ్మాడు.

మరునాడు చెప్పేద్దామనుకున్నాను, ఒట్టు. ఒక రాత్రి తికమకపడితే చాలు, క్లాసులో ఆ నవ్వుకు సరిపోతుందనుకున్నాను. కానీ పొద్దున స్టేషన్లో అతనే ఎదురొచ్చి ఫోను చూపించాడు. ప్రోగ్రాం రాసి రెండు, మూడు, నాలుగు కూడి చూశాడట. తొమ్మిది వచ్చింది. "నువ్వు చెప్పినట్టే పెట్టినా, సరిపాయె తమ్ముడూ!" అని భుజం తట్టాడు. కూడికలు ఏ వరసలో చేసినా మొత్తం మారదు కాబట్టి తప్పు బయటపడలేదు. తీసివేత అయితే పడేది. మైనస్ పెట్టి చూడన్నా, అంటే చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. ఎందుకు మింగాను? ముందురోజుది ఎగతాళి అనుకుందాం. ఆ పొద్దున నేను ఊరకున్నదాన్ని ఏమనాలి?

పరీక్షకు బయటి కాలేజీ నుంచి వచ్చిన సార్ అన్నకు ఇచ్చిన లెక్క: తొమ్మిదిలోంచి ఐదు తీసి, మిగిలినదాంట్లోంచి రెండు తీయాలి. రెండు రావాలి. అన్నకు ఆరు వచ్చింది. అతని ప్రోగ్రాం ముందు ఐదులోంచి రెండు తీసింది. అప్పుడే దిద్దుకుని ఉంటే మార్కులు వేసేవారేమో. అన్న దిద్దలేదు. నియమం ఇదే సార్ అని వాదించాడు. నా మాట మీద అంత నమ్మకం. అదే వరసలో నేను తల ఎత్తకుండా కూర్చున్నాను. నా ప్రోగ్రాం సరిగ్గా ఉంది.

ఫెయిలయ్యాడు. తర్వాత రాసి పాసయ్యాడు. ఇంకే పేపరూ పోలేదు. కానీ చివరి ఏడు ఉద్యోగాలివ్వడానికి వచ్చిన కంపెనీ, ఎప్పుడైనా ఒక్క పేపరు తప్పి అరియర్ పడినవాళ్ళు కూడా రావద్దంది. నేను వెళ్ళాను, ఉద్యోగం వచ్చింది. అన్న మళ్ళీ కాట్టుపల్లికే పోయాడు.

ఇంతవరకైతే కంపెనీ మీద తోసేయవచ్చు. చాలాసార్లు తోశాను. తోయలేనిది ఒకటుంది. ఫలితాలు వచ్చిన రోజు ప్లాట్‌ఫారం మీద అన్న, "నువ్వు సరిగ్గానే చెప్పింటావు తమ్ముడూ, నా మండకే ఎక్కలా," అని తల తట్టుకున్నాడు. నేను కాదనలేదు. పోనీలే అన్నా, అన్నాను. ఓదార్చాను! నా జీవితంలో ఇంతకంటే నీచమైన జోకు వేయలేదు, దానికి ఎవరూ నవ్వలేదు కూడా.

మొన్న ఆడికృత్తిక పండక్కి ఊరికి వెళ్ళినప్పుడు కలిశాడు. రైలు టికెట్టు ఏదో రద్దు చేయాలంటూ ఫోను నా చేతికిచ్చాడు. "నువ్వే చెయ్యి, ఈ కంప్యూటరు యవ్వారాలు నాకు రావు," అన్నాడు. బాధగా కాదు. నాకు ఈత రాదు అన్నంత మామూలుగా. తప్పు నియమం చేతిలో పెడితే, దాన్ని కూడా తప్పు లేకుండా రాసి నడిపించిన మనిషి.

టికెట్టు రద్దు చేసి ఫోను తిరిగి ఇచ్చాను. అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే ఏమవుతుంది? పోయిన ఉద్యోగం రాదు. నాతో మాట్లాడటం మానేస్తాడు, అంతే. ఆ అంతే దగ్గర ఆగిపోయాను.

ఏకాంబరం అన్న బుర్రలో ఏ లోపమూ లేదు. నేను తెలిసి తప్పు చెప్పాను, తెలిసి ఊరకున్నాను. అతనికి చెప్పాల్సిన మాటలు మీకు చెప్పాను. క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అది నిజం. అతను మాత్రం తనకు రాదనే అనుకుంటున్నాడు.