మైకు విడిచిపెట్టి, శామీర్‌పేట బస్సెక్కి

మూడేళ్లుగా చూడని చెల్లెలి కోసం బయలుదేరాను. ఇలాంటి చోటికి వెళ్లాల్సిన అన్నలూ తండ్రులూ ఇంకా ఉంటారని రాస్తున్నాను. ఊరి పేరు చెప్పను, చెల్లెలిని సరోజ అంటాను, దారిలో ఒకటి రెండు మలుపులు మార్చాను. చెల్లెలికి నీడనిచ్చిన మందిరం పాస్టరమ్మ చదివి సరేనన్నాకే ఇది పెడుతున్నాను. ఇంత జాగ్రత్త నాకు పుట్టుకతో వచ్చింది కాదు.

మా బావ, అంటే సరోజ భర్త, ఆమె మీద చెయ్యి చేసుకునేవాడు. సరోజ ఇల్లు విడిచి మేడ్చల్ వైపు ఒక క్రైస్తవ మందిరంలో, స్త్రీల సమాజం నీడన చేరింది. నేను మచ్చ బొల్లారం చర్చిలో సంఘపెద్దను. బడి మూడో తరగతితో ఆగింది. అక్షరాలు కూడబలుక్కున్నది బైబిలు మీదే. అందుకే మైకు ముందు చదవమంటే నాకు పండగ. ఒక ఆదివారం ప్రార్థన మనవుల చిట్టీలు చదువుతూ, ప్రేమ పొంగి, సరోజ పేరూ, ఉన్న ఊరూ, కుట్టుమిషను నేర్చుకుంటున్న సంగతీ అన్నీ చదివేశాను. వెనక బెంచీలో బావ మేనత్త ఉంది. బుధవారానికల్లా బావ ఆ మందిరం గేటు దగ్గరున్నాడు. ఆడవాళ్లు అడ్డం నిలబడి పోలీసులను పిలిచారు. సరోజను శామీర్‌పేట వైపు మార్చారు. అప్పటినుంచి నాతో మాట లేదు.

పోయిన వారం అక్కడి పాస్టరమ్మ ఫోన్ చేసింది: "గురువారం రాండ్రి అన్నా. కలుస్తదో కలువదో ఆమె ఇష్టం." ఎనిమిదిన్నరకు అల్వాల్‌లో బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు, నాకు ముప్పై రూపాయలు. హకీంపేట, తూముకుంట దాటి శామీర్‌పేటలో దిగి, ఇరవై రూపాయలకు షేర్ ఆటో ఎక్కాను.

"ఏడికి చాచా?" అన్నాడు డ్రైవరు. మందిరానికన్నాను.

"గాడ మొగోళ్లను బయటనే కూసోవెడ్తరు, ముందే చెప్తున్న. మా పక్కింటోడు రోజు పెండ్లాన్ని కొడుతుండె. గా మందిరం అమ్మలు చాపలు ఏస్కొని ఆని గుమ్మం ముంగటనే ప్రార్థన వెట్టిండ్రు. వారం దినాలు! పొమ్మంటె ఇంకో పాట అందుకుంటరు."

"మానిండా?"

"పాటకు యాడ మానుతడు? ఎనిమిదో నాడు పెండ్లామే బయటికొచ్చి వాళ్ల నడుమ కూసున్నది. ఠాణాకు గూడ వాళ్లే తోల్కవోయిండ్రు."

పదింటికి చేరాను. వరండా బెంచీ చూపించి పాస్టరమ్మ టీ ఇచ్చింది. పక్కనే మనవుల పెట్టె. అందులో వేయబోతున్న చిట్టీ ఒకటి చూపించింది: 'ఒక అక్క కోసం' అని మాత్రమే ఉంది.

"ఇప్పుడు పేర్లు రాయం అన్నా. దేవునికి ఎరుకే గదా."

ఎవరి వల్ల నేర్చుకున్నారో ఆమె అనలేదు. టీ చల్లారిపోయింది. లోపలికి వెళ్లి వచ్చింది.

"మా అన్నకు ఇంక మైకు ఇస్తుండ్రా అని అడిగింది."

"ఇస్తలేరు. నేనే ఇడిసిపెట్టిన అని చెప్పమ్మా."

మళ్లీ వెళ్లింది. ఈసారి ఆలస్యమైంది.

"నవ్వింది అన్నా. గానీ ఒస్తలేదు."

"నవ్వు ఎట్లుండె?"

"ఇగో, గట్ల అడగొద్దు," అంది మెల్లగా. "మీరు జెర కూసోండ్రి."

లోపల కూడిక మొదలైంది. ముప్పై మంది దాకా పాడుతున్నారు. చిన్నప్పటినుంచీ సరోజ పాట చివరి అక్షరాన్ని అందరూ ఆపాక కూడా ఒక క్షణం సాగదీస్తుంది. అమ్మ చేత ఎన్నిసార్లు తిట్లు తిందో! చరణం అయింది. అందరూ ఆపారు. ఒక్క గొంతు ఆగలేదు. నేను లేవలేదు.

వెతికి పట్టుకోవడమే ప్రేమ అనుకున్నవాణ్ణి. వెతకకుండా కూర్చోవడం అరవై ఎనిమిదేళ్లకు, బెంచీ మీద నేర్చుకుంటున్నాను. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: గురువారం పదికల్లా చేరండి, వచ్చామని ఒక్కసారే కబురు పంపండి, గడప మాత్రం దాటకండి. పాట వరండాలోకీ వినిపిస్తుంది.