కట్టమ్మ, తేలే ఇటుక

మా కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. మా పెద్దమ్మ కట్టమ్మ ఎడమ పక్క, పెద్దనాన్న రాయమల్లు కుడి పక్క కూర్చుని ఇరవై ఎనిమిదేళ్లు నేశారు. చేతులు పనిలో, కళ్లు పడుగు పోగుల మీద. మాటలు మాత్రం ఆగేవి కావు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అన్ని కబుర్లు చెప్పుకున్న మొగుడూ పెళ్లాలను నేను మళ్లీ చూడలేదు.

ఆ కబుర్లలో ఇటుక సంగతి ఒకటి. జంపఖానా కొనడానికి వచ్చిన ములుగు సారు ఒకాయన, పాలంపేటలో రామప్ప గుడి గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలతాయని చెప్పి వెళ్లాడు. పెద్దమ్మ వెంటనే నమ్మింది. పెద్దనాన్న నమ్మలేదు.

"ఇటుక తేలుడేందే? అట్లయితే మన బాయిల పడ్డ రోలు గూడ తేలాలె" అన్నాడు.

ఈ వాదన ఆరేళ్లు నడిచింది. పెద్దమ్మ జంపఖానాల మూట దించడానికి పరకాల వరకు పోయింది కానీ, ఊరికే చూడడానికని ఒక ఊరు పోయిన మనిషి కాదు. ఎనభై రెండులో దసరా వెళ్లిన వారం నూలు రాక మగ్గాలు ఆగిపోయాయి. కరెంటు ఆఫీసులో హెల్పరుగా చేసే ఆమె తమ్ముడు యాకయ్య అప్పుడే ఒక పాత మోపెడ్ కొన్నాడు. పెద్దమ్మ దాన్ని రెండు రోజుల కోసం అడిగి తెచ్చింది. పెద్దనాన్నకు సైకిల్ తొక్కడం తప్ప ఏమీ రాదు. యాకయ్య ఒక పూట కూర్చోబెట్టి బ్రేకు ఏదో, యాక్సిలరేటర్ ఏదో చూపించాడు. మర్నాడు పొద్దున సద్ది కట్టుకుని ఇద్దరూ పాలంపేటకు బయలుదేరారు.

బస్సులో మూడు గంటలు కూడా పట్టని దారి అది. వాళ్లకు సాయంత్రం దాకా పట్టింది. చిన్న ఎత్తు వచ్చినా బండి ఇద్దరినీ మోయలేక మూలిగేది. పెద్దమ్మ దిగి నడిచేది. పెద్దనాన్న ఒక్కడే పైదాకా తోలి అక్కడ ఆగేవాడు. అయితే పెద్దమ్మ ఊరికే నడిచే మనిషి కాదు. చేన్లో పత్తి ఏరుతున్న ఆడవాళ్లను పలకరించేది, గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని వాళ్ల కష్టసుఖాలు వినేది. గూడెప్పాడులో పరకాల రోడ్డు చీలే చోట చాయ్ తాగారు. ఆత్మకూరు దాటాక సీతాఫలాలు కొనుక్కుని, చెట్టు నీడలో కూర్చుని అన్నీ తిని గింజలు ఎవరు ఎక్కువ దూరం ఊస్తారో చూసుకున్నారు. పెద్దమ్మే గెలిచింది.

సైకిలుకు రెండు పక్కలా కోళ్ల గంపలు కట్టుకున్న ఒకాయన ఆ దారిలోనే వెళుతున్నాడు. మోపెడ్ ఆయన్ని దాటిపోయేది, ఇంతలో వీళ్లు ఎక్కడో ఆగేవాళ్లు, ఆయన వీళ్లను దాటేవాడు. నాలుగోసారి దాటుతూ ఆయన సైకిల్ ఆపి, బండి అమ్మే ఉద్దేశం ఉందా అని గంభీరంగా అడిగాడు. పెద్దనాన్న కోప్పడబోయి నవ్వేశాడు. ములుగు దాకా ముగ్గురూ కలిసే వెళ్లారు.

పాలంపేట చేరేసరికి ఎండ వాలింది. గుడి బయట కొబ్బరికాయలు అమ్మే మొగిలమ్మ ముందు నీళ్ల గంగాళం ఉంది. పక్కన బట్టలో చుట్టిన ఇటుక ముక్క. ఎప్పుడో గోపురం నుంచి రాలి పడినదట. కాయ కొన్నవాళ్లకు దాన్ని నీళ్లలో వేసే అవకాశం ఇస్తుంది. పెద్దనాన్న కాయ కొని, ముక్కను చేత్తో తూచి చూశాడు. తేలిగ్గానే ఉంది. గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని, చివరికి నీళ్లలో వదిలాడు. అది తేలింది. అరచేత్తో అదిమి అడుగుదాకా ముంచాడు. వదలగానే పైకి వచ్చింది.

"ఇంకోసారి ముంచు బావా, నీ మనసు నిమ్మలపడేదాంక ముంచు" అంది మొగిలమ్మ.

ఆయన మూడుసార్లు ముంచాడు. ఆరేళ్లు వాదించిన పెద్దమ్మ, గెలిచాక కొబ్బరి ముక్క నములుతూ నవ్వుమొహంతో నిలబడింది. ఆ నవ్వు మొహమే తనను ఎక్కువ ఏడిపించిందని పెద్దనాన్న తర్వాత చెప్పేవాడు. ఆ రాత్రికి మొగిలమ్మ వాళ్లను తన ఇంట్లోనే పడుకోమంది.

పొద్దున్నే గుడి లోపలికి వెళ్లారు. గుడి చూసుకునే ఎల్లస్వామి అనే ఆయన ఒక నల్లరాతి స్తంభం చూపించాడు. దాని మీద చెక్కిన గాజుల సందుల్లో సూది బెజ్జమంత రంధ్రాలు. దారం ఎక్కించొచ్చు కానీ చాలామంది అవస్థ పడి వదిలేస్తారని చెప్పాడు. అప్పుడే హైదరాబాదు నుంచి బస్సులో వచ్చిన ఆడవాళ్లు కొందరు ప్రయత్నించి విసిగిపోయారు. పెద్దమ్మ తన కొంగు చివర నుంచి ఒక పోగు లాగింది. నాలుకతో తడిపి, రెండు వేళ్ల మధ్య మెలేసి, మొదటిసారికే అవతలికి తీసింది. తర్వాత రెండోది, మూడోది. అలా ఐదు రంధ్రాల్లోంచి ఒకే పోగు నడిపించింది. ఎల్లస్వామి నోరు తెరిచి చూశాడు. బస్సులో వచ్చిన ఒకామె ఏం పని చేస్తారని అడిగింది.

పెద్దమ్మ చెప్పేలోపే పెద్దనాన్న అందుకున్నాడు. "మేము మగ్గం నేస్తం అమ్మా. పోగు తెగితే అతికేది ఈమెనే. ఎక్కడ తెగిందో మళ్ల ఎవలకు కానరాదు. నాకైతే ఇప్పటికీ ఆ చెయ్యి రాలె."

ఆ మాట ఆయన అన్నేళ్లలో ఎన్నడూ అనలేదు. పెద్దమ్మ తిరిగి ఆయన మొహం చూసింది. ఆయన కూడా చూశాడు. ఇద్దరికీ సిగ్గేసిందట. "గాడ నంది ఉన్నదట, చూద్దాం నడువు" అని ఆమె ముందు నడిచింది.

మధ్యాహ్నం దాకా పెద్దమ్మ ఆ స్తంభాల చుట్టూనే తిరిగింది. ఒకచోట గళ్లలో గళ్లు అల్లుకున్న చెక్కడం కనిపిస్తే వేళ్లతో కొలిచి, ఎన్ని పోగులకు ఒక గడి పడుతుందో లెక్క కట్టుకుంది. నూలు వచ్చిన వారంలోనే ఎరుపు, నలుపు కలిపి ఆ గళ్లు అంచుగా నేసింది. మొదటి రెండు తప్పి విప్పేసింది. మూడోది కుదిరింది. దాన్ని చూసి మా వాడలో మరో నాలుగిళ్లవాళ్లు నేర్చుకుని నేశారు. ఎవరు అడిగినా కూర్చోబెట్టి చూపించేది.

ఆ తర్వాత మగ్గం ఆగితే వాళ్లకు బాధ ఉండేది కాదు. యాకయ్య బండి మీదే పాకాల చెరువు చూశారు, ఐనవోలు గుడి చూశారు. ఎనభై ఐదులో ఒకరోజు పెద్దమ్మ బండి తానే తోలతానంది. వాడలో ఆడవాళ్లు మోపెడ్ తోలడం ఎవరూ చూడలేదు. పెద్దనాన్న పక్కన పరిగెత్తుతూ వారం రోజులు నేర్పించాడు. రెండుసార్లు గోడకు గుద్దింది, ఒకసారి బర్రెను తప్పించబోయి ఆయన మీదికే వచ్చింది. ఎనిమిదో రోజు ఖమ్మం రోడ్డెక్కి, యాభై రెండేళ్ల కట్టమ్మ, వెనక మొగుణ్ణి కూర్చోబెట్టుకుని వర్ధన్నపేట దాకా పోయింది. అక్కడ హోటలు ముందు బండి ఆపి, కాలు కింద పెట్టి, ఇద్దరికీ మిర్చి బజ్జీలు చెప్పింది.