మైకు లేనప్పటి గొంతు

సిరిసిల్లలో మా ఇల్లూ సాంచాల షెడ్డూ ఒక్క గోడకు అటూ ఇటూ ఉండేవి. మరమగ్గాలను మేం సాంచాలనే అంటాం. ఆ చప్పుడులో మా బాపును అన్నానికి పిలవాలంటే గొంతు పైకి లేపక తప్పదు. అట్లా లేపీ లేపీ నా గొంతు సన్నగా, పదునుగా పైపైకి పోవడం నేర్చుకుంది. సంగీతం నాకెవరూ చెప్పలేదు. కోరుట్లకు కోడలిగా వచ్చాక మా అత్త మొదట ఆ గొంతునే పట్టుకుంది.

"గట్ల ఒర్లకే! వాడకట్టంత ఇనవడ్తది," అనేది.

తెలంగాణ ఉద్యమం వచ్చింది. కోరుట్లలో దీక్షా శిబిరం వేశారు గాని, మైకుకు పోలీసులు అనుమతి ఇవ్వలేదు. పాటల దళం నడిపే అతను మా ఇంటికే వచ్చాడు.

"అక్కా, మైకు లేకుంట గంత మందికి ఇనవడేది నీ గొంతొక్కటే. జర రావాలె."

నిన్నటిదాకా అత్త ఒర్లుడు అన్నది తెల్లారేసరికి ఉద్యమ గళమైంది! జగిత్యాల చౌరస్తాలో, కథలాపూర్‌లో, వేములవాడ బస్టాండు ముందర పాడాను. నేను పల్లవి ఎత్తుకుంటే ఆఖరి వరుసలో ఉన్నవాళ్లూ అందుకునేవారు. గొంతు బొంగురుపోతే వేడినీళ్లు తాగి మళ్లీ లేచేదాన్ని. రాష్ట్రం వచ్చాక సిరిసిల్లలో, మా వాళ్ల ముందు, పెద్ద స్టేజీ మీద ఒక్కసారి పాడాలి. నా ఆశ అంతే. పదవులు అడిగినవాళ్లు వేరే ఉన్నారు.

రాష్ట్రం వచ్చింది. సిరిసిల్లలోనే సభ పెట్టి నన్నూ పిలిచారు. భుజాన గొంగడి వేసి స్టేజీ మీద నిలబెట్టాక, ఆ దళం అతనే చెవిలో చెప్పాడు.

"అక్కా, పాట రికార్డు చేపిచ్చినం. హైదరాబాద్ పిల్ల పాడింది. నీ గొంతు మైకుల జర కీసుమంటది. నువ్వు పెదాలు కదిలిస్తె సాలు."

దిగిపోదామంటే, వాడకట్టులోని ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చి మా అమ్మ ముందు వరుసలో కూర్చుంది. పాట మొదలైంది. ఒక చరణం దాకా పెదాలు కదిపాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు. నోరు గట్టిగా మూసుకుని నిలబడ్డాను, ఎవరైనా చూడకపోతారా అని. పాట మాత్రం స్పీకర్లలోంచి తీయగా పోతూనే ఉంది. జనం ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు.

కిందికి దిగేసరికి మా అమ్మ ఎదురొచ్చి, కొంగుతో కండ్లు ఒత్తుకుని నా చెయ్యి పట్టుకుంది.

"ఇంత మంచిగ నువ్వు ఎన్నడు పాడలే బిడ్డా."