తువ్వాలు తీసుకున్న రోజు

మా తమ్ముడు నాకంటే నాలుగేళ్లు చిన్న. ఒళ్లు పెరిగింది గానీ బుద్ధి అయిదారేళ్ల దగ్గరే ఆగిపోయింది. సంగం జాగర్లమూడిలో మా ఇంటి ముందే కాలవ. వాడికి కాలవంటే ప్రాణం, ఈత మాత్రం రాదు. నాన్న లేడు. అమ్మ పొలానికి వెళ్లకపోతే ఇల్లు గడవదు. అందుకని అమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. నాట్లకో కలుపుకో వెళ్లేటప్పుడు వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, తన తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టేది.

"ఇది చూస్తా ఉండు నాన్నా" అనేది.

అంతే. అమ్మ తిరిగొచ్చి, ఆ తువ్వాలు తీసుకుని, దాంతోనే వాడి మొహం తుడిచిందాకా వాడు లేచేవాడు కాదు. వానొస్తే తడిసేవాడు. ఇరుగుపొరుగువాళ్లు అట్టు ముక్క పెడితే కూర్చునే తినేవాడు. ఒకసారి ఎవరిదో గేదె వచ్చి తువ్వాలు కొస నములుతుంటే, లేవకుండానే దానితో అరగంట గుంజులాడాడని ఊరంతా చెప్పుకుని నవ్వారు. నవ్వితే నవ్వారు, పాతికేళ్లు వాణ్ణి ఆ కాలవలో పడకుండా కాపాడింది ఆ తువ్వాలే.

అమ్మ పోయిన రోజు కూడా వాడు అరుగు మీదే ఉన్నాడు. కలుపు తీస్తూ గట్టు మీద పడిపోయిందట, మంచం మీద మోసుకొచ్చారు. అప్పటికే నేను పెళ్లయి రేపల్లెలో ఉన్నాను. కబురంది బండెక్కి చేరేసరికి పొద్దు వాలుతోంది. అమ్మని వాకిట్లో పడుకోబెట్టి దీపం పెట్టారు. వాడు, పొద్దున అమ్మ ఇచ్చిన తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, అమ్మ వంకే చూస్తూ, అమ్మ కోసం ఎదురుచూస్తున్నాడు. ఎవరు పిలిచినా లేవలేదట. నేను దగ్గరికెళ్లి ఆ తువ్వాలు తీసుకుని వాడి మొహం తుడిచాను. లేచాడు.

"అక్కా, ఆకలి" అన్నాడు.

ఆ పూటతో వాడు నావాడైపోయాడు. రేపల్లె తీసుకొచ్చాను.

మా అత్తగారు చెడ్డమనిషి కాదు. కానీ ఇంట్లో పెళ్లీడుకొచ్చిన ఆడపడుచు ఉంది. భట్టిప్రోలు నుంచి చూడ్డానికొచ్చినవాళ్ల కోసం పెట్టిన కాఫీ గ్లాసులు మూడూ వాడు వరసగా తాగేసి, మూతి తుడుచుకుని, "బాగుంది" అన్నాడు. వాళ్లు మళ్లీ కబురు చెయ్యలేదు.

"మీ పుట్టింటి సారె బాగానే ఉందే అమ్మాయ్! అందరూ గేదెను తోలుకొస్తారు, నువ్వు దున్నపోతును తోలుకొచ్చావు" అంది అత్తగారు.

మా ఆయన అక్కడే ఉన్నారు. నేను ఆయన మొహం చూశాను.

"నేనేం అన్లేదుగా" అన్నారు. ఆయన జన్మంతా అన్న మాట అదొక్కటే.

ఏడాది గడిచింది. ఇంకో రెండు సంబంధాలు వాకిట్లోంచే తిరిగిపోయాయి. ఐ.ఆర్. ఎయిట్ వరి కొత్తగా వచ్చిన రోజులు. మా ఆయన విత్తనాల కోసం బాపట్ల వెళ్లి, వస్తూ వస్తూ ఒక సంగతి మోసుకొచ్చారు. బాపట్ల అవతల, సముద్రం వైపు ఇసుక నేలల్లో, రిటైరైన మేష్టారూ ఆయన భార్యా ఇలాంటివాళ్లని పెట్టుకుని తోట చేయిస్తున్నారట. వాళ్లకూ ఇలాంటి కొడుకే ఉండేవాడట, పోయాడు.

వాణ్ణి తీసుకుని, తెనాలిలో బండి మారి, మధ్యాహ్నానికి అక్కడికి చేరాం. గేటు దగ్గర నెరిసిన జుట్టాయన ఒకడు చెయ్యి చాపి, "టిక్కెట్!" అన్నాడు. రైలు టిక్కెట్లు చూపిస్తే పరీక్షగా చూసి, "సరే, లోపలికి జరగండి, జరగండి" అని తోశాడు. మా తమ్ముడు పకపకా నవ్వాడు. వాడలా నవ్వి ఏడాదైంది. సరైన చోటికే వచ్చామనుకున్నాను.

అక్కడ పద్దెనిమిదిమంది ఉన్నారు, అందరూ వయసొచ్చిన మగవాళ్లే. పని చూస్తే నాకు ముచ్చటేసింది. దొరువని ఇసుకలో తవ్విన నీళ్ల గుంట ఉంది. అందులోంచి వంగమొక్కల దాకా వీళ్లు వరసగా నిలబడతారు. ముంచేవాడు ముంచడమే. పక్కవాడు అందుకుని ఆ పక్కవాడికి ఇవ్వడమే. చివరివాడు మొక్క మొదట్లో పోసి, ఖాళీ బిందె వెనక్కి పంపుతాడు. ఎవడికీ రెండో పని లేదు.

"రెండు పనులు చెబితే తికమకపడతారమ్మాయ్. ఒక్కటి చెబితే మనకంటే బాగా చేస్తారు" అన్నారు మేష్టారి భార్య. ఆమెని అక్కడ అందరూ టీచరమ్మ అని పిలుస్తున్నారు.

"నన్ను కూడా ఉంచుకోండి టీచరమ్మగారూ. వంట చేసి పెడతాను" అన్నాను.

"నీ పిల్లలో?"

ఇద్దరు పిల్లలు.

"మూడు నెలలు రావద్దు. మీరు కనపడుతుంటే వాళ్ల మనసు ఇక్కడ నిలవదు" అన్నారామె.

బయల్దేరేటప్పుడు వాడు నా కొంగు పట్టుకున్నాడు. వదలడు. గేటు దగ్గర నుంచి మా ఆయన "బండి పోతుంది, రావే" అంటున్నారు. నా చెయ్యి తనంతట తనే సంచిలోకి వెళ్లింది. అమ్మ తువ్వాలు తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు కొంగు వదిలేసి, దాన్ని ఒళ్లో పెట్టుకుని, గేటు పక్కన ఇసుకలో బుద్ధిగా కూర్చున్నాడు.

"ఏడవనన్నా ఏడవలేదు, చూశావా?" అన్నారు మా ఆయన, బండిలో.

తెనాలి ప్లాట్‌ఫారం మీద రేపల్లె బండి కోసం నిలబడినప్పుడు తెలిసింది నాకు, నేను చేసిందేమిటో.

"వాడు అక్కణ్ణుంచి లేవడండీ" అన్నాను.

"ఒక తువ్వాలుకేనా? రేపు కార్డు రాస్తాలే."

రాశారు, పాపం. తువ్వాలు తీసుకుని మొహం తుడిస్తే లేస్తాడని, నేను చెప్పినట్టే రాశారు. మూడు వారాలకు అక్కణ్ణుంచి కార్డు వచ్చింది. ఎవరు తువ్వాలు ముట్టుకున్నా చెయ్యి కరుస్తున్నాడట. చీకటి పడితే నలుగురు కలిసి లోపల పడుకోబెడితే, తెల్లారేసరికి గేటు దగ్గరే ఉంటున్నాడట. కాళ్లు పుళ్లు పడ్డాయి. ఒక వారం చూస్తాం, ఆపైన మీరు తీసుకెళ్లిపోండి అని రాశారు.

తీసుకొచ్చి ఎక్కడ పెట్టను? ఆడపడుచుకి సంబంధం కుదిరింది. అత్తగారు పందిరి వేయించడానికి తాటాకులు చెప్పి ఉంది. జాగర్లమూడి ఇల్లు వాన దెబ్బకి కూలిపోయింది. కార్డు చదివి వినిపించి మా ఆయన నా మొహం చూశారు.

"నేనేం అన్లేదుగా" అన్నారు.

ఒక్కదాన్నే వెళ్లాను. గేటాయన టిక్కెట్ అడగలేదు. వేలుతో చూపించాడు. మా తమ్ముడు సగమైపోయాడు. గడ్డం పెరిగింది. ఒళ్లో తువ్వాలు మాత్రం మడత చెదరలేదు. నన్ను చూసి మొహం విప్పారింది.

"అక్కా, చూస్తానే ఉన్నా" అన్నాడు.

రెండు చేతులతో తువ్వాలు అందించాడు. మొహం తుడిచాను. లేవబోయి పడ్డాడు, నన్ను పట్టుకుని లేచాడు.

టీచరమ్మగారు నన్ను పక్కకి పిలిచారు. "వీడు ఇక్కడ ఉండాలంటే అది మళ్లీ ఇవ్వకు. ఏమీ చెప్పకు. లేదా ఇప్పుడే వెంటబెట్టుకుని వెళ్లిపో. ఈ రెండే ఉన్నాయమ్మాయ్."

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

నేను వెనక్కి వచ్చేసరికి వాడే మళ్లీ ఇసుకలో కూర్చుని, ఒళ్లో లుంగీ మడతలు చేత్తో సాపు చేసుకుంటున్నాడు, తువ్వాలు పెట్టడానికి వీలుగా. అంత నమ్మకం నా మీద మళ్లీ ఎవరూ పెట్టలేదు, నా కడుపున పుట్టినవాళ్లు కూడా. నేను తువ్వాలు సంచిలో కుక్కుకుని నడిచాను.

"అక్కా, తువ్వాలు" అన్నాడు. మరిచిపోయాననుకున్నాడు. "అక్కా, తువ్వాలు... తువ్వాలు."

వెనక్కి చూడలేదు. వాడి అరుపు రోడ్డు దాకా వినపడింది. ఆడపడుచు పెళ్లి బాగా జరిగింది, భోజనాలు బాగున్నాయని అందరూ అన్నారు. నేను వడ్డించాను.

మూడు నెలలకి మా ఆయనా నేనూ వెళ్లాం. ఎండ మండుతోంది. దొరువు దగ్గర వరస నిలబడి ఉంది. దొరువు వైపు నుంచి మూడోవాడు మా తమ్ముడు. ఒళ్లు పట్టాడు, కాళ్లు మానాయి. రెండోవాడి చేతిలో బిందె అందుకుంటున్నాడు, నాలుగోవాడికి ఇస్తున్నాడు.

"ఇప్పుడు ఎవరి కోసమూ ఎదురుచూడడమ్మా. నిక్షేపంగా ఉన్నాడు" అన్నారు మేష్టారు.

ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. నా వంక చూశాడు. గేటాయన్ని చూసినట్టే చూశాడు. పలకరిస్తే "ఊఁ" అన్నాడు. నేను ఆగలేక సంచిలోంచి తువ్వాలు తీసి చాపాను. తప్పని తెలుసు. అయినా చాపాను. దాన్ని లాక్కుని పక్కకెళ్లి కూర్చుంటాడేమో, నా మీద విసిరికొడతాడేమో, ఏదన్నా సరే అనుకున్నాను.

వాడు దాన్ని అందుకుని నాలుగోవాడికి ఇచ్చాడు. నాలుగోవాడు అయిదోవాడికి ఇచ్చాడు. అలా అది వరసంతా వెళ్లింది. చివరివాడు దాన్ని ఒక వంగమొక్క మొదట్లో వేసి, చేతులు దులుపుకుని మళ్లీ ఇటు తిరిగాడు. మా తమ్ముడు అప్పటికే తర్వాతి బిందె కోసం చేతులు చాపి ఉన్నాడు.

మా ఆయన వెళ్లి తెస్తానన్నారు. వద్దన్నాను. నీళ్లు పోస్తున్నారు, ఎండకి మట్టి పీల్చేస్తోంది, తువ్వాలు తడిసి నల్లబడుతోంది. బండి వేళవుతోందని మా ఆయనే నా చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించారు. గేటాయన "టిక్కెట్!" అన్నాడు. చూపించాను.