నాలుగు జీపులు, పదహారు ముక్కలు

రేపల్లె చుట్టుపక్కల కాలువల మీద సరుకంతా పడవల్లో తిరిగే రోజుల్లో, రైసు మిల్లుల పొగగొట్టాలూ నూనె తొట్లూ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే వాటిని ముక్కలుగా కోసి పడవెక్కించేవాళ్ళు. అవతలి గట్టున దించి మళ్ళీ అతికేవాళ్ళు. రత్నరాజు ఆ పని పద్నాలుగో ఏట నేర్చుకున్నాడు. కోత వంకరపోతే మేస్త్రి ఇనప చువ్వతో పిక్కల మీద కొట్టేవాడు. అతుకు ఎక్కడుందో అక్కడే విప్పాలి, మంచి రేకు మీద మంట పెట్టకూడదు. అంచు మోసేవాడి చేతికి గుచ్చుకోకుండా ఆకురాయితో రుద్దాలి. ఏ ముక్క పక్కన ఏ ముక్కో సుద్దతో నంబరు వేయాలి. పాతికేళ్ళకు పైగా అదే పని. మళ్ళీ అతకని ఇనుమును అతను జన్మలో కోసి ఎరుగడు.

భార్య వసంతకుమారి నర్సు. ఆమె 1975లో టెక్సస్ వచ్చి, రెండేళ్ళకు అతణ్ణి రప్పించుకుంది. ప్లేనోకు ఉత్తరంగా గంట దూరంలో హార్వెల్ అనే ఊరు, అక్కడి ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం. అతనికి నలభై రెండేళ్ళు, చేతిలో సర్టిఫికెట్ లేదు, నోట్లో ఇంగ్లీషు అంతంతమాత్రం. రెండేళ్ళు ఇంట్లో కూర్చుని భార్య యూనిఫాములు ఇస్త్రీ చేశాడు. ప్రార్థన కూడికల్లో ఎవరైనా "మీరేం చేస్తుంటారు బ్రదర్?" అని అడిగితే ఆమె లేచి నీళ్ళకు వెళ్ళిపోయేది.

1979లో హార్వెల్ పోలీసు డిపార్ట్‌మెంటు యార్డులో సామాను చూసుకునే పని దొరికింది. ఆ యార్డు కెప్టెన్ ప్రూట్‌ది. అంటే ఊరిదే గానీ, తాళం ప్రూట్ దగ్గర ఉండేది.

సైన్యం తనకు అక్కర్లేదని తేల్చిన సరుకును రాష్ట్రంలో ఒక ఆఫీసు ద్వారా పోలీసులకూ ఫైరు వాళ్ళకూ ఇచ్చేవారు. డిపోకు వెళ్ళి చూసుకుని, కాగితం మీద 'పోలీసు అవసరం' అని రాస్తే చాలు. షరతులు మాత్రం ఉన్నాయి. తెచ్చిన వస్తువు ఏడాదిలోగా వాడకంలోకి రావాలి. అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో రాసి పంపుతుండాలి. ప్రూట్ ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం. పదిహేడు మంది పోలీసులున్న ఊరికి మూడు వందల ఉక్కు టోపీలు తెచ్చాడు. యుద్ధంలో వంటకు వాడే పొయ్యిలు రెండు తెచ్చి, సెలవు రోజుల్లో తన ఇంటి వెనక మాంసం కాల్చుకునేవాడు. పళ్ళ డాక్టరు కుర్చీ ఒకటి తెచ్చాడు, ఎందుకో అతనికే తెలియదు.

రత్నరాజు వచ్చేసరికి అదంతా ఎండకూ వానకూ గుట్టలు పడి ఉంది. అతను ఒక్కో వస్తువును కడిగి, నూనె రాసి, నంబరు చదివి, కార్డు రాశాడు. ఎప్పుడొచ్చింది, ఎక్కడుంది, ఎవరు తీసుకెళ్ళారు, ఎప్పుడు తెచ్చారు. కంటితో చూడనిది రాయలేదు. రాష్ట్రం నుంచి తనిఖీకి వచ్చినామె ఏది అడిగితే అది రెండు నిమిషాల్లో ముందు పెట్టాడు. ప్రూట్ అతని భుజం మీద చెయ్యేసి, "చూశారా, మా రాజ్! టెక్సస్‌లో ఏ యార్డులోనూ ఇలాంటివాడు లేడు" అన్నాడు. ఆ ఆదివారం కూడికలో ఎవరూ అడక్కుండానే వసంతకుమారి చెప్పింది: "మా ఆయన పోలీస్ డిపార్ట్‌మెంట్‌లో వర్క్ చేస్తారు." అమెరికాలో అతనికంటూ నిలబడడానికి ఉన్న చోటు ఆ యార్డొక్కటే.

1984 వేసవిలో జీపుల గురించి ఉత్తరం వచ్చింది. డిపార్ట్‌మెంటు దగ్గర సైన్యం జీపులు నాలుగు ఉన్నాయి. ఆ రకం జీపుకు మలుపులో వేగంగా తిప్పితే వెల్లకిలా పడే గుణముంది. సైనికులు కొందరు అలాగే చచ్చాక సైన్యమే ఆ సంగతి ఒప్పుకుంది. అందుకని వాడకం అయిపోయిన జీపును ఎవరికీ ఇవ్వకూడదు. మళ్ళీ బండిగా పనికిరాకుండా ముక్కలు చేసి పాత ఇనుములో కలపాలి. కోసినవాడూ చూసినవాడూ సంతకాలు పెట్టాలి.

"కోసెయ్ రాజ్. ఒక్కోటి నాలుగు ముక్కలు" అన్నాడు ప్రూట్.

ఉత్తరాన్ని రత్నరాజు రెండుసార్లు చదివాడు. మళ్ళీ పనికిరాకుండా అన్న మాట అర్థమైంది కూడా. కానీ గ్యాసు కట్టర్ పట్టుకున్నాక చెయ్యి తనకు వచ్చిన పనే చేసింది. అతుకులు వెతికి, చుక్కచుక్కగా ఉన్న వెల్డింగులను డ్రిల్లుతో విప్పి, విప్పడానికి వీల్లేని చోట మాత్రమే గీత గీసి కోశాడు. అంచులు రుద్దాడు. నంబర్లు వేశాడు. ఆరు రోజులు పట్టింది.

పోలీసులు కాఫీ కప్పులతో వచ్చి చూసేవాళ్ళు.

"ఏంటి రాజ్, కేకు కోస్తున్నావా?"

"బర్త్‌డే ఎవరిది?"

"నాకు క్రీమ్ ఎక్కువున్న ముక్క ఉంచు!"

అతనూ నవ్వాడు. పదహారు ముక్కలు యార్డు వెనక వరుసగా పేర్చాడు. ప్రూట్ వచ్చి, ముక్కల చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, సంతకం పెట్టాడు.

వారం తర్వాత ఒక ట్రక్కు వచ్చింది. తలుపు మీద ప్రూట్ బావమరిది బడ్ గారి పశువుల రాంచ్ పేరుంది. నడిపే మనిషి మెక్సికోవాడు, నలభై ఏళ్ళుంటాయి, పేరు లూపే. రాంచ్‌లో కంచెలూ గేట్లూ వెల్డింగు చేసేది అతనే. నాలుగో జీపు ముక్కలు ఎక్కించమని ప్రూట్ చెప్పాడు.

"ఇది స్క్రాప్ యార్డు బండి కాదు కదా కెప్టెన్?" అన్నాడు రత్నరాజు.

"బడ్ అటే వెళ్తున్నాడు, దించేస్తాడు. నీకెందుకు?"

లూపే ఒక ముక్క ఎత్తబోయి ఆగి, అంచు వెంట బొటనవేలు పోనిచ్చాడు.

"మాయెస్త్రో! ఇది మీరా కోసింది?" వాళ్ళ భాషలో పనిలో ఆరితేరినవాణ్ణి అలా పిలుస్తారు.

"నేనే."

"పదేళ్ళుగా ఈ దేశంలో ఇనుము మోస్తున్నాను. నా చెయ్యి తెగకుండా ఎవడూ ఇవ్వలేదు. నంబర్లు కూడా వేశారే! ఇక అతకడానికి బొమ్మ గీసి చేతికిచ్చినట్టే."

రత్నరాజు అక్కడ ఉలిక్కిపడాల్సింది. పొంగిపోయాడు. రేపల్లె వదిలాక ఇనుము తెలిసినవాడు తన పనిని చూడడం అదే మొదటిసారి. ఇద్దరూ ట్రక్కు నీడలో కూర్చుని తిన్నారు. టమాటా పచ్చడి నాలుక్కి రాసుకుని లూపే కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "పోలీసులు దొంగల నోట్లో ఇది పెడితే చాలు, తుపాకులెందుకు?" అన్నాడు. అతను వెళ్ళాక రత్నరాజు కార్డు మీద ఉన్నది ఉన్నట్టు రాశాడు: నాలుగో జీపు, నాలుగు ముక్కలు, బడ్ రాంచ్ ట్రక్కులో, కెప్టెన్ ప్రూట్ చెప్పగా గేటు దాటాయి.

నవంబరులో ఒక ఉదయం వసంతకుమారి డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"ఒక స్పానిష్ అతన్ని తెచ్చారండీ. రాంచ్‌లో మిలిటరీ జీప్ ఏదో డ్రైవ్ చేస్తుంటే మలుపులో తిరగబడిందట. ఛెస్ట్ మీద పడింది. రెండు గంటలు ఉన్నాడు. చేతుల నిండా వెల్డింగ్ కాలిన మచ్చలు, అచ్చం మీ చేతుల్లాగే."

రత్నరాజు తాగుతున్న టీ కింద పెట్టాడు. ఏ రాంచ్ అని అడగలేదు.

ఆ రోజే ప్రూట్ గదిలోకి పిలిచాడు. బల్ల మీద నాలుగో జీపు కార్డు ఉంది.

"కూర్చో రాజ్. లూపే చేసింది చూశావా? ఏదో ఒక ఆదివారం మన యార్డులో చొరబడి ముక్కలు ఎత్తుకుపోయి జీపు కట్టుకున్నాడు."

"కెప్టెన్, మీరే కదా..."

"నేనేంటి? స్టేట్ నుంచి ఆమె గురువారం వస్తోంది. ఆమె అడిగే మొదటి ప్రశ్న, ఇంత అందంగా కోసింది ఎవడని. నాశనం చెయ్యమంటే అతుక్కునే కిట్టు తయారుచేసి పెట్టింది ఎవడని. జీపులు కోసేశామని పంపిన సర్టిఫికెట్ మీద మొదటి సంతకం నీది." ప్రూట్ కార్డును వేలితో ముందుకు తోశాడు. "ఈ కార్డు సరిగ్గా లేదు. ముక్కలు యార్డులో ఉండగా పోయాయని కొత్తది రాయి. నీ కోత గురించి నేనేమీ అనను. నీ యార్డు నీకుంటుంది. లేదంటే, ఈ కార్డూ నువ్వూ కలిసి బయటికి పొండి."

"చచ్చినవాణ్ణి దొంగను చెయ్యమంటున్నారు."

"వాడికి ఇప్పుడు నొప్పి తెలుస్తుందా?"

సాయంత్రం ప్రేమానందం వచ్చాడు. ప్లేనోలో ఇంజినీరు, తెలుగు ప్రార్థన కూడిక అతని ఇంట్లోనే జరిగేది. వసంతకుమారే ఫోన్ చేసి పిలిచింది.

"వందనాలు బ్రదర్. సిస్టర్ అంతా చెప్పారు. చూడండి, ఇక్కడ మనవాళ్ళు పదకొండు కుటుంబాలు. మా తమ్ముడి వీసా పెండింగ్‌లో ఉంది. రేపు న్యూస్‌పేపర్‌లో మీ పేరు పడితే అందరినీ ఒకే కట్టగా చూస్తారు. ఆ పోయినాయన కోసం ప్రేయర్ చేద్దాం. అది మన చేతిలో పని. మిగతాది వాళ్ళు వాళ్ళు చూసుకుంటారు."

"అతనికి భార్య ఉందట" అన్నాడు రత్నరాజు.

"ఆమె కోసం కూడా చేద్దాం."

ప్రేమానందం వెళ్ళాక వసంతకుమారి గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండానే అంది: "రెండేళ్ళు మీరు ఇంట్లో కూర్చున్నప్పుడు నేను ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అనలేదు కాబట్టి బాధ లేదనుకోకండి. మళ్ళీ అలా కూర్చుంటే మాత్రం, నా వల్ల కాదండీ."

మర్నాడు రత్నరాజు కొత్త కార్డు రాశాడు. పాత పెన్ను వెతికి పట్టుకున్నాడు. మిగతా కార్డులతో కలిసిపోయేలా ఎండలో పెట్టి కాస్త రంగు దింపాడు, అంచుకు నూనె వేలి ముద్ర వేశాడు. ఆ పనీ శుభ్రంగానే చేశాడు. ప్రూట్ పాత కార్డును మాంసం కాల్చే పొయ్యిలో వేశాడు.

గురువారం తనిఖీకి వచ్చినామె రత్నరాజును వెంటబెట్టుకుని రాంచ్‌కు వెళ్ళి, బోల్తాపడ్డ జీపు కింద దూరి టార్చిలైటు వేసి చూసింది. బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుంది.

"ఒక్క అతుకు కూడా విడలేదు. ఫ్యాక్టరీలో చేసినదానికంటే గట్టిగా ఉంది" అంది. తర్వాత రత్నరాజు వైపు తిరిగింది. "చెత్తలో పడేసేదాన్ని ఇలా కోస్తారా ఎవరైనా?"

"నాకు ఇలాగే వచ్చు మేడమ్."

ఆమె కార్డు తీసుకుని, తన ఫారంలో చోరీ గడిలో టిక్కు పెట్టింది. ఫారంలో జీపు నంబరు రాసింది, ఇంజను నంబరు రాసింది, ముక్కలు నాలుగూ దొరికాయని రాసింది. మనిషి గురించి రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. డిపార్ట్‌మెంటుకు ఆరు నెలలు కొత్త సరుకు ఇవ్వకూడదని తేల్చి, మిగిలిన పన్నెండు ముక్కలను యార్డులో తన కళ్ళ ముందే సమ్మెటతో నుజ్జు చేయించింది. రత్నరాజు వాటిని మధ్యాహ్నం దాకా కొట్టాడు. పోలీసులు ఈసారి కేకు మాట ఎత్తలేదు. "గట్టిగా రాజ్! ఇంకా గట్టిగా!" అన్నారు.

దొంగ బండి నడుపుతూ చచ్చాడు కాబట్టి తనకు బాధ్యత లేదన్నాడు బడ్. రాంచ్‌లో లూపే కుటుంబం ఉండే ట్రెయిలర్ ఇల్లు పది రోజుల్లో ఖాళీ చెయ్యమన్నాడు. లూపే వెల్డింగు టోపీ, చేతితొడుగులు, గ్యాసు టార్చి అతని సొంతవి. చోరీ కేసులో సాక్ష్యమని వాటిని తెచ్చి యార్డులో పెట్టారు. చీటీ కట్టి వలతలుపు వెనక అరలో పెట్టింది రత్నరాజే.

పన్నెండో రోజున లూపే భార్య వచ్చింది. సన్నటి మనిషి, ఇంగ్లీషు తడుముకుంటూ మాట్లాడింది.

"నా భర్త సామాను కావాలి. మా అన్న కొంటానన్నాడు. బస్సు టికెట్టుకు."

"కేసు క్లోజ్ అయ్యేదాకా ఇవ్వడానికి లేదమ్మా."

"ఎప్పుడు క్లోజ్ అవుతుంది?"

చచ్చినవాడి మీది కేసును ప్రూట్ ఎప్పటికీ ముగించడని అతనికి తెలుసు. "తెలియదు" అన్నాడు.

ఆమె అతని చేతుల వైపు చూసింది. "మాయెస్త్రో మీరే కదా? ఆ రోజు ఇంటికొచ్చి మీ గురించే చెప్పాడు. జీపు అయ్యాక మొదట మీకే చూపిస్తానన్నాడు. అతను దొంగ కాదని మీకు తెలుసు."

ప్రూట్ గది తలుపు తెరిచే ఉంది. రత్నరాజు సొరుగులోంచి ఫారం తీశాడు.

"ఇక్కడ మీ అడ్రస్ రాయండి. కేసు అయ్యాక ఉత్తరం వస్తుంది."

"అడ్రసా?" అని ఆమె పెన్ను తీసుకుని మళ్ళీ కింద పెట్టింది. వల వెనక అరలో టోపీ కనిపిస్తోంది. "ఒక్కసారి పట్టుకుని ఇచ్చేస్తాను."

"చీటీ కట్టినవి తాకనివ్వకూడదమ్మా" అన్నాడు రత్నరాజు.

ఆమె వల మీద వేళ్ళు పెట్టి కొంతసేపు నిలబడి, వెళ్ళిపోయింది. గేటు దాటేదాకా చూశాడు. తర్వాత ఫారం మీద తేదీ వేసి, అడ్రసు గడిలో 'ఇవ్వలేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టెలో పెట్టాడు.